నీరసం ఎప్పుడు వస్తోంది, దేనితో కలిసి వస్తోంది? లక్షణం నుంచి కారణానికి, కారణం నుంచి పరిష్కారానికి

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, ఎలక్ట్రానిక్ సిటీ వంటి చోట్ల పీజీల్లోనూ (భోజనంతో పాటు గది అద్దెకిచ్చే పేయింగ్ గెస్ట్ వసతుల్లో) అద్దె ఇళ్లలోనూ ఉండే మన తెలుగువాళ్ల నోట “ఒంట్లో ఓపిక ఉండటం లేదు” అన్న మాట తరచుగా వినిపిస్తుంది. దానికి చాలామంది ఎంచుకునే మార్గాలు రెండే: ఇంకో ఫిల్టర్ కాఫీ తాగడం, లేదా మందుల షాపులో ఏదో ఒక మల్టీవిటమిన్ షీటు అడిగి తెచ్చుకోవడం. నీరసానికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక కారణానికి పనికొచ్చే మందు మరో కారణానికి పనికిరాదు, ఒక్కోసారి అసలు కారణాన్ని కప్పిపెడుతుంది కూడా. అందువల్ల ముందుగా ఒక వారం పాటు మూడు విషయాలు రాసుకోవాలని నా సలహా: నీరసం ఏ వేళకు వస్తోంది, దానితో పాటు ఇంకే లక్షణం ఉంది, అంతకు ముందు నాలుగైదు గంటల్లో ఏం తిన్నారు, ఏం తాగారు. డాక్టరు అడిగే ప్రశ్నల్లో సగానికి ఈ కాగితంలోనే జవాబు ఉంటుంది.

మెట్లు ఎక్కితే ఆయాసం, పాలిపోయిన ముఖం, గుండె దడ

ఇవి ఇనుము లోపం వల్ల కలిగే రక్తహీనతలో తరచుగా కనిపించే లక్షణాలు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును కండరాలకూ మెదడుకూ చేరవేస్తుంది, హిమోగ్లోబిన్ తయారీకి ఇనుము కావాలి, ఇనుము తగ్గితే అదే పని చేయడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవలసి వస్తుంది. జుట్టు రాలడం, గోళ్లు పెళుసుగా విరగడం, పచ్చి బియ్యం, బలపాలు, ఐసు ముక్కలు తినాలనిపించడం కూడా దీని గుర్తులే. ఈ చివరిదాన్ని చిన్ననాటి అలవాటని ఇంట్లో తేలికగా తీసుకుంటారు కానీ, పెద్దయ్యాక అది కనిపిస్తే రక్తపరీక్ష చేయించవలసిందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి, అదే వయసు పురుషులలో 25 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణులు కాని స్త్రీలలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాములకన్నా, పురుషులలో 13 గ్రాములకన్నా తగ్గితే రక్తహీనతగా లెక్కిస్తారు. అయితే హిమోగ్లోబిన్ సరిగానే ఉండి, శరీరంలో నిల్వ ఉన్న ఇనుమును తెలిపే ఫెరిటిన్ తగ్గిన దశలోనే నీరసం మొదలుకావచ్చు కాబట్టి, నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉండే అమ్మాయిలు ఫెరిటిన్ పరీక్ష గురించి డాక్టరును అడగడం మంచిది.

పీజీ భోజనంలో అన్నానికి కొదవ ఉండదు. పల్చని సాంబారు, బంగాళదుంప కూర, చారు, మజ్జిగ కూడా ఉంటాయి. కడిగి, ఏరి, తరగవలసిన ఆకుకూర మాత్రం చాలా అరుదుగా కనిపిస్తుంది. దీనికి తోడు దర్శినిలో (నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్లో) ఇడ్లీ తిన్న వెంటనే కాఫీ తాగడం ఈ ఊరి అలవాటు, మనమూ అలవరచుకున్నాం. కాఫీ, టీలలోని పాలీఫినాల్స్ ధాన్యాలు, పప్పులు, ఆకుకూరలలోని ఇనుమును పట్టి ఉంచి, పేగులు దాన్ని పీల్చుకోకుండా అడ్డుపడతాయి. ఆ కాఫీనే తినడానికి గంట ముందుకో, తిన్న గంటన్నర, రెండు గంటల తర్వాతకో జరిపితే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. కాఫీ మానేయనక్కర లేదు. ఖర్చు లేని ఈ ఒక్క మార్పుకే నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇస్తాను.

ఆహారంలో తోటకూర, మునగాకు, శనగలు, ఉలవలు, అలసందలు, నువ్వులు వారంలో ఎక్కువ రోజులు ఉండేలా చూసుకోవాలి. పాలకూరలో ఇనుము ఉన్నా, అందులోని ఆక్సలేట్లు తదితరాల వల్ల ఒంటికి పట్టేది తక్కువ. విటమిన్ సి ఉన్న పదార్థం అదే భోజనంలో ఉంటే ఇనుము బాగా పడుతుంది కాబట్టి, పప్పు మీద నిమ్మరసం పిండుకోవడం, భోజనంతో జామకాయ ముక్కలో పచ్చి ఉసిరికాయో తినడం ఉపయోగపడతాయి. నానబెట్టిన పెసరపప్పు, కీరదోస, నిమ్మరసం కలిపి ఇక్కడివాళ్లు చేసుకునే కోసంబరి ఈ పద్ధతికి చక్కగా సరిపోయే వంటకం, పైగా పీజీ గదిలో పొయ్యి లేకుండానే చేసుకోవచ్చు. గింజలను నానబెట్టడం, మొలకెత్తించడం వల్ల ఇనుమును అడ్డగించే ఫైటేట్లు తగ్గుతాయి. మాంసం తినేవారికి మేక మాంసం, కాలేయం నుంచి వచ్చే ఇనుము మరింత సులభంగా అందుతుంది. రాగి ముద్ద తింటే రక్తం పడుతుందని చాలామంది నమ్ముతారు. రాగులు మంచి ధాన్యమే కానీ, వాటి అసలు బలం 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు ఉండే క్యాల్షియం.

రక్తహీనత నిర్ధారణ అయ్యాక ఆహారం ఒక్కటే సరిపోదు, డాక్టరు చెప్పిన ఐరన్ మాత్రలు వాడాలి. వాటివల్ల మలం నల్లగా రావడం సహజం. కడుపులో తిప్పితే మానేయకుండా మోతాదు మార్చమని లేదా రోజు విడిచి రోజు ఇవ్వమని డాక్టరునే అడగాలి. క్యాల్షియం మాత్రను దీనితో కలిపి వేసుకోకూడదు. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చిన తర్వాత కూడా నిల్వలు నిండడానికి సాధారణంగా మరో మూడు నెలలు మందు కొనసాగిస్తారు. ఓపిక రాగానే మధ్యలో ఆపేసినవారికి కొన్ని నెలల్లో మళ్లీ అదే నీరసం రావడానికి కారణం ఇదే. పురుషులలోనూ, నెలసరి ఆగిపోయిన స్త్రీలలోనూ ఇనుము తగ్గితే మాత్రల దగ్గర ఆగకూడదు. మొలలు, కడుపులో పుండు, పేగులలో గడ్డ వంటి వాటివల్ల రక్తం పోతోందేమో తప్పక చూడాలి. ఎర్రకణాలు చిన్నవిగా ఉండి ఐరన్ వాడినా ఫలితం లేనప్పుడు తలసీమియా అనే వంశపారంపర్య రక్త సమస్యకు వాహకులేమో తెలుసుకునే పరీక్ష కూడా అవసరమవుతుంది.

అరికాళ్లలో తిమ్మిర్లు, నాలుక మంట, మతిమరుపు

నీరసంతో పాటు ఇవి కనిపిస్తే విటమిన్ బి12 లోపాన్ని ముందుగా అనుమానించాలి. బి12 సహజంగా దొరికేది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం నుంచే. శాకాహారులు “మేము పాలు తాగుతాం కదా” అంటారు కానీ, రోజుకు రెండు కాఫీలలో పడే పాలు చాలవు. కాలేయంలో నిల్వ ఉన్న బి12 కొన్నేళ్లపాటు సరిపోతుంది కాబట్టి, ఇంట్లో గేదె పెరుగు తిని పెరిగి ఇక్కడికి వచ్చాక పెరుగు మానేసినవారికి లోపం ఎంతో ఆలస్యంగా బయటపడుతుంది. మధుమేహానికి మెట్‌ఫార్మిన్, ఎసిడిటీకి పాంటోప్రజోల్ వంటి మందులు ఏళ్ల తరబడి వాడేవారిలో మాంసాహారం తింటున్నా ఈ విటమిన్ తగ్గవచ్చు. ఎసిడిటీ మాత్రను డాక్టరు చెప్పకుండానే రోజూ వేసుకునే అలవాటును ఈ కారణంగానైనా పునరాలోచించాలి.

పరీక్ష లేకుండా కొన్న మాత్రలు హాని చేసే సందర్భం ఇక్కడే ఉంది. బి12 లోపం ఉన్న మనిషి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఎక్కువ మోతాదులో తీసుకుంటే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది, నరాలకు జరిగే నష్టం మాత్రం లోలోపల సాగుతూనే ఉంటుంది. మరో చిక్కు కూడా ఉంది: ఇనుము లోపం ఎర్రకణాలను చిన్నవి చేస్తుంది, బి12 లోపం పెద్దవి చేస్తుంది, రెండూ కలిసి ఉంటే రిపోర్టులో కణాల సగటు పరిమాణం మామూలుగానే కనిపించవచ్చు. లోపం నిర్ధారణ అయితే మాత్రలు, నరాల లక్షణాలు ఉంటే సాధారణంగా ఇంజెక్షన్లు ఇస్తారు. ఆ తర్వాత రోజూ ఒక కప్పు పెరుగు, ఒక గ్లాసు పాలు, తినేవారైతే గుడ్డు నిలకడగా ఉండాలి. పులిసిన ఇడ్లీ పిండిలో బి12 తయారవుతుందన్న నమ్మకం మీద ఆధారపడకూడదు.

మధ్యాహ్న భోజనం కాగానే మత్తు

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు గంటల మధ్య కొంత మగత రావడం శరీర సహజ లయలో భాగం. ఆంధ్రా మెస్‌లో అడిగినంత అన్నం పెడతారు కాబట్టి ముద్దపప్పుతో ఒక విడత, చారుతో ఒక విడత, పెరుగుతో ఒక విడత తిని వచ్చినప్పుడు ఆ మగత రెట్టింపు అవుతుంది. తెల్లన్నంలోని పిండి పదార్థం త్వరగా చక్కెరగా మారి రక్తంలోకి చేరుతుంది. కూర, పప్పు, గుడ్డు ముందు తిని అన్నం ఆఖరున, ఇప్పుడు తింటున్నదాంట్లో మూడింట రెండు వంతులు తినడం, తర్వాత పది పదిహేను నిమిషాలు నడవడం చాలామందికి ఫలితమిస్తాయి. తగ్గించిన అన్నం స్థానంలో మాంసకృత్తులు చేరాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు అవసరం. ఒక గుడ్డులో ఆరు గ్రాములే ఉంటాయి కాబట్టి పప్పు, శనగలు, పెరుగు మూడు పూటలకూ పంచుకోవాలి. డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరు మార్కెట్లను ముంచెత్తే అనపకాయలు ఇందుకు ఎంతో అనుకూలం.

ఈ మత్తుతో పాటు దాహం, మాటిమాటికీ మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే అది భోజనం సమస్యగా వదిలేయకూడదు. పరగడుపున రక్తంలో చక్కెర డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు లేదా ఆపైన గానీ, గత రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేదా ఆపైన గానీ ఉంటే మధుమేహం.

ఉదయం పదకొండింటికే తలనొప్పి, చిరాకు

ఇది చాలావరకు టిఫిను మానేసి కాఫీతో సరిపెట్టుకున్నవారిది. ఇక్కడి చల్లని వాతావరణంలో, ఏసీ గదిలో దాహం తెలియక నీళ్లు తక్కువ తాగడం కూడా దీనికి తోడవుతుంది. టేబుల్ మీద లీటరు సీసా పెట్టుకుని మధ్యాహ్నంలోగా ఖాళీ చేయడం, రెండు ఇడ్లీలతో ఒక గుడ్డో గుప్పెడు పల్లీలో తినడం సరిపోతాయి.

చలికి తట్టుకోలేకపోవడం, బరువు పెరగడం, మలబద్ధకం

థైరాయిడ్ గ్రంథి మందగించిందేమో టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్షతో తెలుస్తుంది. ఇప్పటికే మాత్ర వాడుతున్నా నీరసం తగ్గనివారు దాన్ని వేసుకునే పద్ధతిని గమనించాలి. పరగడుపున నీళ్లతో వేసుకుని కనీసం అరగంట నుంచి గంట వరకు కాఫీ కూడా తాగకూడదు, ఐరన్, క్యాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. వంటకు అయోడిన్ ఉన్న ఉప్పే వాడాలి.

నడుము, తొడలు, పిక్కల్లో నొప్పులతో నీరసం

పగలంతా ఆఫీసులో, రాకపోకలు క్యాబులో గడిచేవారిలో విటమిన్ డి తగ్గడం సాధారణం. ఆహారంలో ఇది చాలా తక్కువగా దొరుకుతుంది. మధ్యాహ్నపు ఎండ, విటమిన్ చేర్చిన పాలు కొంత సాయపడతాయి. 60,000 యూనిట్ల డోసులను డాక్టరు చెప్పిన వారాలకు మించి కొనసాగిస్తే రక్తంలో క్యాల్షియం పెరిగి మూత్రపిండాలకు ప్రమాదం.

ఎంత నిద్రపోయినా తీరని అలసట

కాఫీలోని కెఫీన్‌లో సగం ఒంటి నుంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి, సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీ రాత్రి పదకొండింటికి కూడా పనిచేస్తూనే ఉంటుంది. ఎనర్జీ డ్రింకులు ఆ కెఫీన్‌కు చక్కెరను జోడిస్తాయి. రాత్రి షిఫ్టు చేసేవారు బయలుదేరే ముందే పూర్తి భోజనం చేసి, నడిరాత్రి బిర్యానీకి బదులు పెరుగన్నమో ఉడికించిన శనగలో తింటే పగటి నిద్ర మెరుగుపడుతుంది. గట్టిగా గురక పెడుతూ, పగలంతా తూగుతూ ఉంటే నిద్రలో శ్వాస ఆగే సమస్య ఉందేమో చూపించుకోవాలి. ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయి రెండు వారాలు దాటితే అది కుంగుబాటు కావచ్చు, దానికి తిండి మార్చడం చాలదు. అటువంటప్పుడు 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ సేవ ఉచితంగా, తెలుగులో కూడా అందుతుంది.

ఛాతీ నొప్పి, కూర్చున్నా ఆయాసం, తారులా జిగటగా నల్లని మలం, స్పృహ తప్పడం వంటివి ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రపు జ్వరం ఉంటే క్షయ పరీక్ష చేయించాలి. మిగిలినవారు తిండి, నీరు, నిద్ర సరిచేసుకున్నా మూడు నాలుగు వారాల్లో తేడా కనిపించకపోతే రక్తపరీక్ష, ఫెరిటిన్, బి12, టీఎస్‌హెచ్, చక్కెర పరీక్షలలో ఏవి అవసరమో డాక్టరును అడిగి చేయించుకోవాలి. పరీక్షకు వెళ్లేలోపు కొత్తగా ఏ విటమిన్ మాత్రా మొదలుపెట్టకూడదు, ఇప్పటికే వాడుతున్నవి ఏవో డాక్టరుకు తప్పక చెప్పాలి.