వీఏఆర్ కళ్లతో మ్యాచ్ చూద్దాం – 4: బంతి గీత దాటిందా?

ఈసారి హ్యాండ్‌బాల్ (బంతికి చెయ్యి తగలడం) పాఠం మొదలుపెట్టాల్సింది. మీ జవాబులు చూశాక ఆగిపోయాను. గత పాఠంలో, 2022 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌లో స్పెయిన్ మీద జపాన్ రెండో గోల్ చూసి రమ్మంటే, ‘బంతి బయటికి పోయింది, ఫొటోలో కనిపిస్తూనే ఉంది’ అని తీర్పు రాసినవాళ్లే ఎక్కువ. ‘స్పెయిన్ కెప్టెన్ రివ్యూ అడగొచ్చుగా’ అన్నవాళ్లూ ఉన్నారు. ఇది క్రికెట్ కాదండీ. ఆ వరల్డ్ కప్‌లో కెప్టెన్‌కు అలాంటి హక్కు లేదు. చేతులతో టీవీ బొమ్మ గీసి చూపిస్తూ రిఫరీ వెంటపడితే ఎల్లో కార్డే. గోల్ పడిందంటే వీఏఆర్ (వీడియోలు చూసి రిఫరీకి సాయపడే బృందం) ఎవరూ అడక్కుండానే చూస్తుంది, అంతకుముందు బంతి బయటికి పోయిందేమో అన్నదాంతో సహా. వీఏఆర్ చూసే మిగతా విషయాల జాబితా మొదటి పాఠంలో ఉంది.

గీత దగ్గరికొద్దాం. మీలో చాలామంది బంతి నేలకు ఆనిన చోటు చూశారు. చూడాల్సింది అది కాదు. బంతి మొత్తం గీత మొత్తాన్ని దాటితేనే బయట. నేల మీదైనా, గాల్లోనైనా. తాపీమేస్త్రి తూకం గుండు వదిలినట్టు, మైదానం వైపున్న బంతి అంచు నుంచి నిలువుగా ఒక దారం వదలండి. అది గీత మీద పడితే బంతి ఇంకా ఆటలోనే ఉంది. బంతి అడ్డంగా 22 సెంటీమీటర్లు. అంటే నేలకు ఆనిన బిందువు గీత బయటి అంచు దాటి ఇంచుమించు 11 సెంటీమీటర్ల అవతల ఉన్నా ఆట సాగుతుంది! పక్క నుంచి తీసిన ఫొటోలో ఆ సందులో పచ్చగడ్డి కనిపిస్తుంది, మీరు మోసపోతారు. జపాన్ ఆటగాడు మితోమా వెనక్కి లాగిన బంతి అలాంటిదే. ఆ బంతితో తనాకా కొట్టిన గోల్ నిలిచింది, జపాన్ 2-1తో గెలిచింది, అదే గ్రూప్‌లో కోస్టారికాను 4-2తో ఓడించినా జర్మనీ ఇంటికెళ్లింది. గీతకు సరిగ్గా ఎదురుగానో, నిట్టనిలువుగా పైనుంచో తీసిన దృశ్యం దొరికేదాకా నేనైతే నోరు విప్పను.

‘స్పష్టమైన తప్పయితేనే రిఫరీ తీర్పు మార్చాలి కదా’ అంటారేమో. అది ఫౌల్ లాంటి అభిప్రాయం మీద నడిచే తీర్పులకు. బయటా లోపలా అన్నది కొలత.

ఇక మనకు కాలిన కథ. 2024 జూన్ 11, దోహా, ఖతార్‌తో వరల్డ్ కప్ క్వాలిఫయర్. ఛాంగ్‌తే గోల్‌తో భారత్ 1-0 ఆధిక్యం. 73వ నిమిషంలో మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆపిన బంతి గోల్ పక్కన గీత దాటి పూర్తిగా బయటికి దొర్లింది. ఖతార్ ఆటగాడు దాన్ని లోపలికి లాగాడు, అతని సహచరుడు అయ్‌మెన్ నెట్‌లోకి తోశాడు, రిఫరీ గోల్ ఇచ్చేశాడు. ఆ మ్యాచ్‌కి వీఏఆర్ లేదు. చివరికి 2-1తో ఓడాం. బంతి బయటికి పోగానే మనవాళ్లు విజిల్ కోసం ఎదురుచూస్తూ ఆగిపోయారు. నా కోపంలో సగం దాని మీదే.

అభ్యాసం. 2022 వరల్డ్ కప్ ప్రారంభ మ్యాచ్‌లో ఖతార్ మీద మూడో నిమిషానికి ఎక్వడార్ ఆటగాడు వాలెన్సియా కొట్టిన గోల్‌ను ఆఫ్‌సైడ్ (సహచరుడికి బంతి తగిలే క్షణంలో, ప్రత్యర్థుల్లో గోల్‌కు దగ్గరగా ఉన్న ఇద్దరిలో రెండోవాడినీ దాటి ముందుండటం) అని రద్దు చేశారు. కామెంటరీ ఆపేసి చూడండి. బంతి ఎక్వడార్ ఆటగాడు ఎస్ట్రాడా వైపు వెళ్లేలా అతని సహచరుడికి తగిలిన క్షణంలో ఆపి, గోల్‌కు దగ్గరగా ఉన్న ఇద్దరు ఖతార్ ఆటగాళ్లెవరో, గోల్‌కీపర్ ఎక్కడున్నాడో, ఎస్ట్రాడా కాలు ఎవరిని దాటిందో కాగితం మీద గీసి పంపండి. ఒట్టి ‘ఆఫ్‌సైడే’ అన్న జవాబులు చదవను.