కూజా మోత పోకుండా ఎలివేటర్స్ క్యాసెట్టును కంప్యూటర్‌లోకి ఎక్కించడం

థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్ అనే అమెరికా రాక్ బాండు పాటలున్న పాత క్యాసెట్టును కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటే. బాండువాళ్లు కావాలని చేసిన మోతను టేపు రోగమనుకుని తీసేస్తారు. పాట వెనకాల ఆగకుండా టుకుటుకుటుకు అని, పావురం నీళ్లు పుక్కిలిస్తున్నట్టు ఒక శబ్దం వస్తుంటుంది. అది క్యాసెట్ ప్లేయరు బెల్టు జారడం కాదు. బాండులోని టామీ హాల్ కూజా మూతి దగ్గర మైకు పట్టుకుని, దాని లోపలికి నోటితో చేసిన శబ్దం. దాన్ని ఎలక్ట్రిక్ జగ్ అన్నారు. ఎల్లమ్మ కథలో బైండ్లవాళ్ల జమిడిక విన్న చెవికి ఇదేం వింత కాదు. అక్కడ తీగ బిగువు మారితే స్వరం జారుతుంది, ఇక్కడ గొంతు మారితే.

టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్‌లో 1965లో మొదలైన బాండు ఇది. 'సైకెడెలిక్' (మత్తులో తేలుతున్నట్టుండే సంగీతం) అన్న మాటను ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) పేరులోనే పెట్టుకున్న తొలి బాండ్లలో ఒకటి. 1966లో వచ్చిన ఆ మొదటి ఎల్పీలోని ఒక పాట అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో 55వ స్థానం దాకా వెళ్లింది. అంతకు మించిన హిట్టు వాళ్లకు లేదు. రెండో ఎల్పీ 1967లో వచ్చింది, మా లెక్కలో అదే గొప్పది. గాయకుడు రాకీ ఎరిక్సన్ కేక, స్టేసీ సదర్లాండ్ గిటారు ప్రతిధ్వని వినడానికే ఇంత తంటా పడాలి. ఆ రెండు ఎల్పీలూ ఒక సీ-90లో (90 నిమిషాల క్యాసెట్టు) చెరో వైపు పట్టేస్తాయి.

ఆర్‌ఈసీ (వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీ, ఇప్పటి ఎన్ఐటీ) హాస్టల్ రోజుల ట్రంకుపెట్టెలో అలాంటి క్యాసెట్టు దొరికితే వెంటనే డెక్కులో (క్యాసెట్ ప్లేయరులో) పెట్టకండి. ముందు వెనక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా ఇక పాట చెరగదు. తర్వాత క్యాసెట్టుకుండే చిన్న కిటికీలోంచి టేపు చుట్టను వెలుతురులో చూడండి. అంచుల మీద తెల్లటి పొడి కనిపిస్తే బూజు. వరంగల్‌లో నాలుగు వానాకాలాలు అటక మీద గడిపిన క్యాసెట్టుకు ఇది మామూలే. బూజు టేపును ఆడిస్తే అది డెక్కు హెడ్డుకూ (టేపు మీది శబ్దాన్ని చదివే భాగం), అక్కడి నుంచి మిగతా క్యాసెట్లకూ అంటుకుంటుంది. ముక్కుకు మాస్కు పెట్టుకుని, ఆరు పలకల పెన్సిలు చక్రంలో దూర్చి, పొడి మెత్తటి గుడ్డ మధ్య నుంచి టేపును నెమ్మదిగా అటునుంచి ఇటు తిప్పండి. ఎండలో పెట్టొద్దు. మే నెల ఎండకు క్యాసెట్టు ప్లాస్టిక్ పెంకు వంగిపోతుంది.

క్యాసెట్టు తెరిచి ఉన్న అంచు మధ్యలో, టేపు వెనక, రాగి రంగు పట్టీ మీద చిన్న ఫెల్టు ముక్క ఉండాలి. అదే టేపును హెడ్డుకు ఒత్తిపెడుతుంది. ఊడిపోతే శబ్దం దుప్పటి కప్పినట్టు వస్తుంది, ఉండుండి మాయమవుతుంది. అయిదు స్క్రూలున్న మరో క్యాసెట్టు విప్పి, చుట్టలను ఆ పెంకులోకి మార్చడమే మంచి పద్ధతి. ఆ పనికి ఒగ్గు కథ క్యాసెట్టును మాత్రం బలివ్వకండి, అదీ మళ్లీ దొరకదు. టేపు తెగి ఉంటే, దాన్ని అతికించడానికే చేసిన స్ప్లైసింగ్ టేపే వాడాలి. సెల్లో టేపు జిగురు ఎండాకాలం కరిగి పక్క పొరలను అంటుకుంటుంది. సీ-90 టేపు మందం 12 మైక్రాన్లే, అతుక్కున్న చోట లాగితే సాగిపోతుంది.

హెడ్డునూ, టేపును లాగే సన్న ఇనుప కడ్డీనీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో ఉంటుంది. శానిటైజర్ పనికిరాదు, అందులోని గ్లిజరిన్ జిడ్డు మిగులుస్తుంది. రబ్బరు రోలర్‌కు మాత్రం కాస్త సబ్బు నీళ్లు చాలు.

ఇప్పుడు అసలు పని. ఒక డెక్కులో ఎక్కించిన టేపు ఇంకో డెక్కులో మసకగా వినిపించడానికి కారణం హెడ్డు వాలు. హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న స్క్రూ ఉంటుంది. దాని ఇప్పటి స్థానాన్ని గోళ్ల రంగుతో గుర్తు పెట్టుకోండి. కుడి, ఎడమ శబ్దాలను మోనోగా కలిపి వింటూ, వాచీ స్క్రూడ్రైవర్‌తో కొంచెం కొంచెం తిప్పండి. పావు చుట్టు దాటొద్దు. డ్రమ్సు తాళాల (సింబల్స్) 'స్‌స్' ఎక్కడ పదునుగా వస్తే అక్కడ ఆపండి. పని అయ్యాక పాత గుర్తుకు తెచ్చేయండి, లేకపోతే ఇంట్లో మిగతా క్యాసెట్లన్నీ మసకబారుతాయి.

టేపును ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కి తిప్పాకే రికార్డు చేయండి. ఏళ్ల తరబడి కదలని చుట్టలో పక్క పొర శబ్దం ఈ పొర మీద అచ్చుపడుతుంది. తిప్పితే కొంత తగ్గుతుంది. పాట మొదలవడానికి రెండు మూడు సెకన్ల ముందే దాని నీడ వినిపిస్తే అది ఈ అచ్చే. గిటారు మోగాక వెంట వచ్చే ప్రతిధ్వని మాత్రం సదర్లాండ్‌ది, దాని జోలికి పోవద్దు.

ల్యాప్‌టాప్‌కు ఉండే ఒకే ఒక్క రంధ్రం చాలా వాటిలో మోనో మైకుదే, అందులో పెడితే కుడి, ఎడమ శబ్దాలు విడిగా రావు. స్టీరియో లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కావాలి. ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టి, ఎంత గట్టి కేకైనా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా స్థాయి సర్దండి. 45 నిమిషాల ఒక వైపు దాదాపు 780 ఎంబీ అవుతుంది. ఆ ఫైలును ముట్టుకోకుండా దాచి, నకలు మీద పనిచేయండి. మొదటి ఎల్పీ మోనోలోనూ వచ్చింది కాబట్టి రెండు చెవుల్లో ఒకే శబ్దం వస్తే కంగారు పడొద్దు.

వేగం సరిచూడటానికి అధికారిక ప్రతిలోని పాట నిడివితో పోల్చండి. 60 సెకన్ల భాగం మీ టేపులో 61.8 సెకన్లు పడితే 3 శాతం నెమ్మది. సరిదిద్దేటప్పుడు స్పీడ్, పిచ్ కలిసి మారే ఎఫెక్టే వాడాలి. టెంపో ఒక్కటే మారిస్తే స్వరం తప్పుగానే మిగులుతుంది.

టేపు బుసను తగ్గించడానికి ఆడాసిటీలోని 'నాయిజ్ రిడక్షన్' ఎఫెక్టులో పాటల మధ్య ఖాళీ నుంచి రెండు సెకన్లు నమూనా తీసుకుని, తగ్గింపు 6 డెసిబెల్స్ పెట్టండి. ఆ ఎఫెక్టులోనే 'రెసిడ్యూ' అని ఉంటుంది, అది నొక్కితే తీసేయబోయే శబ్దమే వినిపిస్తుంది. అందులో ఒట్టి బుసే ఉండాలి. టుకుటుకు వినిపించిందా, కూజా పోతోందన్నమాట. వెంటనే తగ్గించండి. 12 దాటితే కూజా నీటి బుడగల మోత అయిపోతుంది, ఇక తిరిగిరాదు.

ఇంకొక చిక్కు ఉంది. 1968లో ఇంటర్నేషనల్ ఆర్టిస్ట్స్ అనే రికార్డు కంపెనీ ఈ బాండుదే 'లైవ్' అని ఒక ఎల్పీ తెచ్చింది. స్టూడియోలో మిగిలిపోయిన పాటలకు జనం చప్పట్లు అతికించారంతే. మీ టేపులో అది ఉంటే చప్పట్లు తీయాలని గంటలు పోసుకోకండి, పాటలో కలిసిపోయి ఉంటాయి. ఫైలుకు లైవ్ అనే పేరే ఉంచి, పక్కన స్టూడియో అని రాసుకోండి.