బర్న్స్ చిట్టెలుకను మన ఉత్తరాంధ్ర మాటలోకి తేవడం ఎలా

స్కాట్లాండు కవి రాబర్ట్ బర్న్స్ మనిషి గురించి ఏమన్నాడని అడిగితే చాలామంది ఒక్క మాటే చెబుతారు: ఎలుక వేసినా మనిషి వేసినా ఎత్తులు తరచూ తప్పిపోతాయని. ఆ మాట 'చిట్టెలుకకు' అనే కవితలో ఏడో చరణంలో ఉంది. కవితకు చరణాలు ఎనిమిది. ఎనిమిదోది వదిలేసి అనువాదం చేస్తే మిగిలేది క్యాలెండరు మీద అచ్చేసే సూక్తి. అందుకే కవిత మొత్తం తీసుకోండి, 48 పాదాలూ.

ముందు మూలం. నేటి ఇంగ్లీషులోకి సులువు చేసిన పాఠం వద్దు. పదాల అర్థాలు పక్కనే ఇచ్చిన, స్కాట్లాండు జనం మాట్లాడే స్కాట్స్ భాష పాఠం వెతకండి. 1759లో ఒక కౌలురైతు ఇంట పుట్టిన బర్న్స్‌కి పుస్తకాల ఇంగ్లీషు బాగా వచ్చు. వచ్చి కూడా ఇంటిభాషలో రాశాడు. 1785 నవంబరులో దున్నుతుంటే ఎలుక గూడు చెదిరిందని కవిత శీర్షికలోనే ఉంది. మరుసటి ఏడు కిల్మార్నక్ అనే ఊళ్లో 612 ప్రతులు వేసిన అతని మొదటి పుస్తకంలో ఇది అచ్చయింది. ఇలాంటి కవితను గ్రాంథికంలో పెడితే ప్రాణం పోతుంది. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి, విజయనగరంలో బతికిన గురజాడ వ్యావహారికం కోసం పోరాడింది ఈ గడ్డ మీదే. కాబట్టి ఇంట్లో మాట్లాడే మాటే వాడండి.

ఒక మెలకువ: రెండో చరణంలో బర్న్స్ భాష మారుతుంది. మనిషి ఏలుబడి ప్రకృతి బంధాన్ని తెంచేసిందని చెప్పేచోట స్కాట్స్ పక్కకు జరిగి ఇంగ్లీషు వస్తుంది. అక్కడ తెలుగు కూడా కొంచెం పైకి లేవాలి. మొదటి చరణంలో 'బుల్లి గుంటా' అని పిలిచినవాళ్లు రెండో చరణంలో 'ప్రకృతి బంధం' అనవచ్చు. మూడోదానిలో మళ్లీ నేలకు దిగాలి. ఎనిమిదీ ఒకే ఎత్తులో నడిపితే ఈ మలుపు కనపడదు.

మాటలు పొలంలోంచే తెచ్చుకోండి. గూడును చీల్చుకుపోయిన 'కోల్టర్' అంటే కర్రుకు ముందు నేలను కోసే నిలువు కత్తి. మన నాగలికి అది లేదు, 'కర్రు' అంటే చాలు. గూడు కట్టింది ఆకులతో, కొయ్యకాళ్లతో. 'థ్రేవ్' అంటే 24 పనలు. అన్ని పనల్లో ఎప్పుడో ఒక్క వెన్ను ఎలుక ఎత్తుకుపోతే నాకేం తక్కువ అంటాడు. ఆ లెక్క వదలకండి, అతని దయకు కొలత అదే. ఎలుకను వర్ణించే 'స్లీకిట్' అనే మాట దగ్గర జాగ్రత్త: జిత్తులమారి అనే అర్థం కూడా ఉంది కానీ, ఇక్కడ చెప్పేది నిగనిగలాడే ఒళ్లు. నవంబరు చలిని మన వర్షాకాలంగా మార్చవద్దు. ఆ ఎలుక భయమంతా రాబోయే శీతాకాలం గురించే.

ఇక నడక. మూలంలో చరణానికి ఆరు పాదాలు: ఒకటి, రెండు, మూడు, ఐదు పొడవు, నాలుగు, ఆరు పొట్టి. గురజాడ ఛందస్సు ముత్యాల సరం దీనికి బాగా దగ్గర. 3, 4, 3, 4 మాత్రలతో మూడు పాదాలు, చివరిది 12 మాత్రలతో పొట్టిగా. చేత్తో తాళం వేస్తూ పైకి చదివి సరిచూసుకోండి. ఏడో చరణంలో పేరుపడ్డ ఆ భాగం మొదటి చిత్తులో ఇలా వస్తుంది:

ఎలుక పన్నిన మనిషి పన్నిన
ఎత్తులెన్నో తప్పిపోవును
సుఖము కోరిన చోట మిగులును
శోకమూ కన్నీరులే

మాత్రలు సరే. కానీ 'పోవును', 'మిగులును' ఎవరి ఇంట్లోనూ వినపడవు. దిద్దితే:

ఎలుక వేసిన మనిషి వేసిన
ఎత్తులెన్నో దారి తప్పే
సుఖము కోరితె చేతికొచ్చే
దేడుపే కన్నీరులే

'ఎన్నో' తీసేయవద్దు. బర్న్స్ 'తరచూ' అన్నాడు, 'ఎప్పుడూ' అనలేదు.

ఎనిమిదో చరణానికి రెండింతల సమయం ఇవ్వండి. అప్పటిదాకా ఎలుకను ఓదార్చినవాడు ఇక్కడ ఎలుకే నయం అంటాడు. దానికి ఈ క్షణం ఒక్కటే తగులుతుంది. మనిషి వెనక్కి చూస్తే దిగులు, ముందుకు చూస్తే కనపడదు, అయినా ఊహించుకుని భయపడతాడు. చివరి క్రియలు రెండే: ఊహించడం, భయపడడం. వాటికి విశేషణాలు తగిలించకండి.

నలుగురు కూర్చుంటే తలా రెండు చరణాలు పంచుకోవచ్చు. ఏడు, ఎనిమిది మాత్రం ఒక్కరికే ఇవ్వాలి, లేదంటే మలుపు దగ్గర గొంతు తెగుతుంది. ఇది అయ్యాక 1784 నాటి 'మనిషి పుట్టింది దుఃఖించడానికే' తీసుకోండి. అందులో ఒక పేదవాడు సాటి మనిషిని పని ఇమ్మని బతిమాలుకుంటాడు. వలస కూలీలను సాగనంపే శ్రీకాకుళం పల్లెల్లో ఆ చరణానికి వివరణ అక్కర్లేదు. 1795 నాటి 'మనిషి మనిషే'ను ఆ తర్వాతకు ఉంచండి. హోదా నాణెం మీది ముద్ర, మనిషే బంగారం అనే పోలికను 'దేశమంటే మనుషులోయ్' పక్కన పెట్టి పైకి చదవండి. ముందు ఎలుక, తర్వాత కూలివాడు, చివర నాణెం. ఈ వరస తిరగేస్తే ఆఖరి పాట ఉత్త నినాదంలా వినపడుతుంది.