అవకాడో, సోయా డిప్ ఇంట్లో చేసుకునే విధానం

ఈ డిప్‌లో అవకాడోతో పెద్ద పనేమీ లేదు. సోయా గింజలను పచ్చివాసన లేకుండా ఉడికించుకోవడంలోనే నేర్పంతా ఉంది. అందుకే దీనిని ముందు రోజు రాత్రే మొదలుపెట్టాలి. నలుగురికి అర కప్పు ఎండు సోయా గింజలు, పండిన అవకాడోలు రెండు, ఒక పెద్ద నిమ్మకాయ, రెండు పచ్చిమిరపకాయలు, ఒక వెల్లుల్లి రెబ్బ, గుప్పెడు కొత్తిమీర, అర చెంచా వేయించిన జీలకర్ర పొడి, ఉప్పు సరిపోతాయి.

గింజలను కడిగి, మూడింతలు నీరు పోసి ఎనిమిది నుంచి పది గంటలు నానబెట్టాలి. హైదరాబాదు ఎండాకాలంలో వంటగదిలోనే వదిలేస్తే తెల్లవారేసరికి ఆ నీరు నురగ కట్టి పులిసిన వాసన వస్తుంది కనుక, ఏప్రిల్, మే నెలల్లో గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టడమే మేలు. నానిన గింజలను నీటిలోనే అరచేతుల మధ్య రుద్దితే పొట్టు ఊడి పైకి తేలుతుంది. దానిని నీటితో పాటు వంచేయాలి. కొంత పొట్టు మిగిలినా పరవాలేదు గానీ, ఎంత పోతే డిప్ అంత నున్నగా వస్తుంది.

సోయాను పచ్చిగా గానీ అరకొరగా ఉడికించి గానీ తినకూడదు. మాంసకృత్తులు అరగకుండా అడ్డుపడే ట్రిప్సిన్ నిరోధకాలు అందులో ఉంటాయి. బాగా ఉడికితేనే వాటిలో చాలా భాగం నశిస్తుంది. పచ్చివాసన సంగతి వేరు. గింజ నలిగినప్పుడు లైపాక్సిజనేస్ అనే ఎంజైము అందులోని నూనెతో కలిసి ఆ వాసనను పుట్టిస్తుంది కాబట్టి, గింజలను ముందుగా మరుగుతున్న నీటిలో ఐదు నిమిషాలు ఉంచి, ఆ నీటిని పారబోసి, మళ్లీ కొత్త నీరు పోసి కుక్కరులో పెట్టాలి. సోయా బాగా పొంగుతుంది, ఊడిన పొట్టు విజిల్ రంధ్రానికి అడ్డుపడుతుంది. కనుక కుక్కరును సగానికి మించి నింపకుండా ఒక చెంచా నూనె వేయాలి. మధ్యస్థమైన మంట మీద ఐదారు విజిల్స్ వచ్చాక ఒక గింజను రెండు వేళ్ల మధ్య నొక్కి చూస్తే పలుకు తగలకుండా నలిగిపోవాలి. లేకపోతే మరో రెండు విజిల్స్ రానివ్వాలి.

అవకాడోను వాడే రోజునే కొనడం మంచిది కాదు, ఎందుకంటే అది చెట్టు మీద మెత్తబడదు, కోశాకే పండుతుంది, దుకాణాల్లో తరచుగా రాయిలాంటి కాయలే దొరుకుతాయి. అరటిపండుతో కలిపి కాగితంలో చుట్టి ఉంచితే ఆ పండు నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు వల్ల త్వరగా పండుతుంది. హాస్ రకం పండితే నల్లబడుతుంది, మన దగ్గర అమ్మే పెద్ద ఆకుపచ్చ కాయల్లో చాలా వాటికి రంగు మారదు. కాబట్టి రంగును నమ్ముకోకుండా తొడిమ దగ్గర మెల్లగా నొక్కి చూడాలి.

ఉడికిన సోయాను పూర్తిగా చల్లారనివ్వాలి, వేడి తగిలితే అవకాడో చేదెక్కుతుంది. చల్లారాక పచ్చిమిర్చి, వెల్లుల్లి, కొత్తిమీర, సగం నిమ్మరసం చేర్చి, కావలసినన్ని నీళ్లు చిలకరిస్తూ మిక్సీలో మెత్తగా రుబ్బాలి. అవకాడో గుజ్జును మాత్రం మిక్సీలో వేయకుండా గిన్నెలో ఫోర్కుతో మెదిపి, మిగిలిన నిమ్మరసం వెంటనే కలపాలి. ఆ పులుపు గుజ్జు నల్లబడే వేగాన్ని తగ్గిస్తుంది. తరువాత రెండింటినీ కలిపి జీలకర్ర పొడి, ఉప్పు వేయాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు రోజుకు ఉప్పు 5 గ్రాములు మించకూడదంటున్నాయి. పులుపు, కారం ఉన్న ఈ డిప్‌కు చిటికెడు చాలు.

కీరా, క్యారెట్ ముక్కలతోనూ, జొన్నరొట్టెతోనూ ఇది బాగుంటుంది. సర్వపిండితో ఇంకా రుచి, కాకపోతే అందులో నూనె ఉంటుందని గుర్తుంచుకోవాలి. చిప్స్‌తో తింటే ఆరోగ్యం కోసం ఇంత శ్రమపడి ప్రయోజనం ఉండదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు, సోయా ఆ మందు ఒంటబట్టడానికి అడ్డుపడవచ్చు కనుక, ఎంత వ్యవధి ఉంచాలో వైద్యుణ్ణి అడగాలి. సోయా పడనివారు దీని జోలికి వెళ్లకూడదు. మిగిలిన డిప్ పైభాగానికి గాలి తగలకుండా పల్చని ప్లాస్టిక్ కాగితం అతుక్కునేలా పరిచి ఫ్రిజ్‌లో పెట్టి, మరునాటికల్లా తినేయాలి.