పొయ్యి ఆరాక పొగగొట్టం లైనర్ జాగ్రత్త

చలి తగ్గి, ఇంటిని వెచ్చబరిచే పొయ్యి ఆర్పేశాక, మళ్లీ చలి వచ్చేదాకా పొగగొట్టం సంగతి ఎవరికీ గుర్తుండదు. పొగగొట్టం లోపల అమర్చే లోహపు గొట్టాన్ని, అంటే లైనర్‌ను, తుప్పు బాగా తినేది సరిగ్గా ఆ ఖాళీ నెలల్లోనే. బొగ్గులో, చమురులో ఉండే గంధకం కాలాక కొంత మసిలో మిగిలిపోతుంది. ఆ మసి గాలిలోని తేమను పీల్చుకుంటే సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారై, లోహాన్ని అంటుకునే ఉంటుంది. అందుకే మసి తీయించాల్సింది వచ్చే సీజన్ ముందు కాదు, ఆఖరి మంట ఆరిన కొద్ది రోజుల్లోనే. మామూలు ఇనుప తీగల బ్రష్ మాత్రం వాడనివ్వకండి. దాని రజను స్టెయిన్‌లెస్ స్టీలుకు పట్టుకుని, అక్కడే తుప్పు మొదలవుతుంది.

స్టెయిన్‌లెస్ అన్న పేరు చూసి ధీమా పడేవాళ్లే ఎక్కువ. ఉప్పు, పీవీసీ, బ్లీచ్ లాంటి వాటి నుంచి వచ్చే క్లోరైడ్ (క్లోరిన్ సమ్మేళనం) తగిలితే దానికీ చిల్లులు పడతాయి. పైకి సూదిమొనంత కనిపించే గుంట లోపల చాలా లోతుకు పోయి ఉండొచ్చు. 316ఎల్ అనే స్టెయిన్‌లెస్ స్టీలు రకంలో 2–3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది కాబట్టి 304 రకం కన్నా మెరుగ్గా తట్టుకుంటుంది. అయినా పీవీసీ ముక్కలు, సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఉప్పు కట్టెలు పొయ్యిలో వేస్తే ఏ రకమైనా పాడవుతుంది. బ్లీచ్ డబ్బాలు పొయ్యి దగ్గర పెట్టినా ప్రమాదమే. ఆ ఆవిర్లు గాలితో పాటు మంటలోకి వెళతాయి. ఇక అల్యూమినియం లైనర్ కొన్ని గ్యాస్ పరికరాలకే పనికొస్తుంది, కట్టెలకు కాదు.

కట్టెల్లో తేమ 20 శాతం లోపే ఉండాలి. తడి కట్టెను రాత్రంతా కుమిలేలా వదిలేస్తే పొగ చల్లబడి, పుల్లటి తారులాంటి జిగురుగా గోడకు పడుతుంది. లైనర్ మరీ వెడల్పుగా ఉన్నా, చుట్టూ ఇన్సులేషన్ లేకపోయినా అదే ఇబ్బంది. వాన పడకుండా పైన టోపీ ఉండాలి, కానీ గాలి ఆడనివ్వండి.

పొయ్యి వెలిగించే ముందు కెమెరాతో లోపల చూపించండి. చిల్లు కనిపిస్తే అతుకులు వేయకుండా లైనర్ మార్చాల్సిందే. అందులోంచి ఇంట్లోకి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. ఆ వాయువును పసిగట్టే అలారం పనిచేస్తోందో లేదో టెస్ట్ బటన్ నొక్కి చూశాకే అగ్గిపుల్ల తీయండి.