చలి ముదరక ముందే గీజరు సంగతి చూసుకోండి

“వేడినీళ్లు సరిగ్గా రావడం లేదు.” చలి మొదలైన వారానికల్లా చాలా ఇళ్లలో వినిపించే మాట ఇది. ఈ ఒక్క మాటలో మూడు వేర్వేరు జబ్బులు కలిసిపోయి ఉంటాయి. నీళ్లు వేడిగానే ఉన్నా ధార సన్నగా రావచ్చు. ధార బాగానే ఉన్నా నీళ్లు గోరువెచ్చగా ఉండవచ్చు. మొదట పొగలు కక్కుతూ వచ్చి, సగం స్నానంలోనే చల్లబడవచ్చు. వీటి కారణాలు వేరు, మందులూ వేరు. ఏది మీ ఇబ్బందో తేల్చుకోకుండా థర్మోస్టాట్ (నీళ్లు ఎంత వేడెక్కాలో నిర్ణయించే పరికరం) పెంచడం, కొత్త గీజరు కొనడం దండగ. కొన్నిసార్లు ప్రమాదం కూడా.

ముందు మీ గీజరు శక్తి ఎంతో లెక్క వేసుకోండి. 15 లీటర్ల ట్యాంకు, 2 కిలోవాట్ల కాయిల్ (నీళ్లను కాచే భాగం) ఉందనుకుందాం. వేసవిలో 28 డిగ్రీలున్న నీళ్లు 60 డిగ్రీలకు చేరడానికి సుమారు 17 నిమిషాలు చాలు. చలికాలంలో నీళ్లు 15 డిగ్రీల దగ్గర మొదలైతే అదే గీజరుకు దాదాపు 24 నిమిషాలు పడుతుంది. వేడెక్కిన నీళ్లను చన్నీళ్లతో కలిపి 40 డిగ్రీలకు తెచ్చుకుంటే వేసవిలో 40 లీటర్ల స్నానపు నీళ్లు వస్తాయి, చలిలో 27 లీటర్లే వస్తాయి. అంటే గీజరులో ఏ లోపమూ లేకపోయినా చలికాలంలో ఆలస్యమూ పెరుగుతుంది, నీళ్లూ తగ్గుతాయి. నిమిషానికి 8 లీటర్లు పోసే షవర్ కింద ఆ 27 లీటర్లు మూడున్నర నిమిషాలు కూడా రావు. ఇంట్లో వరసగా నలుగురు స్నానం చేయాలంటే మధ్యలో వ్యవధి ఇవ్వక తప్పదు.

ట్యాంకు చిన్నదిగా ఉండే ఇన్‌స్టంట్ గీజర్ల లెక్క ఇంకో రకం. 3 కిలోవాట్ల గీజరు నీళ్లను 25 డిగ్రీలు పెంచాలంటే నిమిషానికి లీటరున్నర, లీటరూ ముప్పావు మించి ఇవ్వలేదు. కుళాయి పూర్తిగా తిప్పితే గోరువెచ్చటి నీళ్లే వస్తాయి. అక్కడ ధార తగ్గించడమే చికిత్స.

నెలల తరబడి వాడని గీజరును తిరిగి వేసేటప్పుడు స్విచ్ జోలికి వెళ్లకముందే వేడినీళ్ల కుళాయి తెరవండి. గాలి బుసలు, తుంపరలు ఆగి ధార నిలకడగా వచ్చేదాకా వదలండి. ట్యాంకులో నీళ్లు లేకుండా కరెంటు ఇస్తే కాయిల్ నిమిషాల్లో కాలిపోతుంది. తర్వాత ఒకసారి 60 డిగ్రీల దాకా కాగనిచ్చి, ఆ మొదటి ట్యాంకు నీళ్లను స్నానానికి వాడకుండా పారబోయండి. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవున్న నీళ్లలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. తుంపరల ద్వారా అది ఊపిరితిత్తుల్లోకి వెళితే న్యుమోనియా వస్తుంది. అందుకే షవర్ నుంచి కాకుండా కింది కుళాయి నుంచి, కిటికీ తెరిచి వదలాలి.

ధార సన్నగా ఉంటే పక్కనే ఉన్న చన్నీళ్ల కుళాయి తిప్పి చూడండి. అదీ సన్నగానే వస్తుంటే తప్పు గీజరుది కాదు, పై ట్యాంకు ఎత్తులోనో, మోటారులోనో, ప్రధాన వాల్వులోనో ఉంది. చన్నీళ్లు జోరుగా ఉండి వేడినీళ్లే నీరసంగా ఉంటే గీజరు కింది వాల్వు పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడండి. తర్వాత షవర్ చిల్లులు, కుళాయి మూతి జల్లెడ విప్పి కడగండి. సున్నపు పొర ముందు పట్టుకునేది అక్కడే. జోరు బాగానే ఉండి వేడి రావడమే ఆలస్యమైతే పైపు పొడవు గుర్తుంచుకోండి. అర అంగుళం పైపు 10 మీటర్లలో దాదాపు లీటరున్నర చన్నీళ్లు నిలిచి ఉంటాయి, అవి బయటికి పోయాకే వేడి మీ చేతికి అందుతుంది.

నీళ్లు గోరువెచ్చగా వస్తున్నాయా? చాలామంది చేయని ఒక చిన్న పరీక్ష ఉంది. కరెంటు ఆపి, గీజరుకు చన్నీళ్లు వెళ్లే వాల్వు మూసేసి, వేడినీళ్ల కుళాయి తెరవండి. కాసేపటికి ధార ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే ఎక్కడో ఒక మిక్సర్ (వేడి, చల్లటి నీళ్లు కలిపే కుళాయి) లోంచి చన్నీళ్లు వేడినీళ్ల పైపులోకి దూరుతున్నట్టే. మా ఇంట్లో ఒక చలికాలమంతా ఇలాగే గడిచింది. థర్మోస్టాట్ మార్చారు, కాయిల్ మార్చారు, ఫలితం లేదు. చివరికి చూస్తే ఇంకో స్నానాల గదిలో హ్యాండ్ షవర్ మీట మూసి ఉంది కానీ దాని వెనక ఉన్న వేడి, చల్లటి కుళాయిలు రెండూ తెరిచే ఉన్నాయి. అవి మూయగానే నీళ్లు మళ్లీ మామూలుగా కాగాయి.

కరెంటు వోల్టేజీని కూడా మరిచిపోవద్దు. 230 వోల్టులు రావలసిన చోట 190 వస్తే కాయిల్ వేడి మూడింట రెండు వంతులకు పడిపోతుంది. 24 నిమిషాల పని 35 నిమిషాలు సాగుతుంది. తెల్లవారుజామున బాగా కాగి, అందరూ వాడే వేళలో ఆలస్యమవుతోందంటే ముందు అనుమానించవలసింది దీన్నే.

కాగేటప్పుడు ట్యాంకులోంచి టపటప చప్పుళ్లు, గరగరలు వినిపిస్తే కాయిల్ మీద సున్నం పేరుకుందని అర్థం. కాఠిన్యం ఎక్కువున్న నీళ్లు వేడెక్కే కొద్దీ కాల్షియం కార్బొనేట్ విడిపోయి వేడి లోహానికి అతుక్కుంటుంది. ఆ పొర వేడిని నీళ్లకు వెళ్లనివ్వదు. కాయిల్ లోలోపలే మాడుతుంది. చలికి ముందే మెకానిక్‌ను పిలిచి కాయిల్ శుభ్రం చేయించండి. అదే రోజు మెగ్నీషియం కడ్డీని కూడా బయటికి తీసి చూపించమనండి. ట్యాంకుకు బదులు తాను తుప్పు పట్టి కరిగిపోవడమే దాని పని. సన్నబడి లోపలి తీగ కనిపిస్తే మార్చాలి. పెద్ద ట్యాంకుల్లో కొన్నింటికి రెండు కాయిల్స్ ఉంటాయి. కింది కాయిల్ పోతే మొదట కాస్త వేడి, ఆ వెంటనే చల్లటి నీళ్లు వస్తాయి.

ఇక నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది ట్యాంకులో ఒత్తిడి పెరిగితే బయటికి వదిలే సేఫ్టీ వాల్వు. 15 లీటర్ల నీళ్లు 20 నుంచి 60 డిగ్రీలకు వెళితే సుమారు 230 మిల్లీలీటర్లు, అంటే గ్లాసెడు, పెరుగుతాయి. ఆ పెరిగిన నీళ్లు కొన్ని చుక్కలుగా వాల్వు నుంచి కారడం మామూలే. దాన్ని లీకు అనుకుని బిరడా బిగించేవారిని, గుడ్డ చుట్టి కట్టేవారిని చూశాను. దయచేసి ఎప్పుడూ ఆ పని చేయకండి. థర్మోస్టాట్, దాని వెనక కాపలా ఉండి, వేడి మరీ పెరిగితే కరెంటు ఆపేసే కటౌట్ రెండూ పనిచేయకపోతే నీళ్లు 100 డిగ్రీలు దాటినా ఒత్తిడి వల్ల మరగకుండా ట్యాంకులో ఉండిపోతాయి. ట్యాంకు చీలిన క్షణంలో ఆ నీళ్లలో కొంత ఒక్కసారిగా ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే దాని ఘనపరిమాణం సుమారు 1,600 రెట్లు అవుతుంది. గోడలు కూలగలిగే పేలుడు అది. గీజరు ఆపి ఉన్నప్పుడు కూడా వాల్వు కారుతూనే ఉంటే వాల్వు అరిగిపోయి ఉండాలి, లేదా పైపులో ఒత్తిడి ఎక్కువై ఉండాలి. రెండింటికీ మెకానిక్ కావాలి. కటౌట్ ఒకసారి పడిపోతే కారణం చూసుకుని మళ్లీ నొక్కవచ్చు. రెండోసారి పడితే గీజరు వాడటం ఆపేయండి.

గీజరు ప్లగ్గు, సాకెట్టు రంగు మారి గోధుమరంగులోకి తిరిగాయేమో కరెంటు ఆపి చూడండి. అలాగైతే లోపల పట్టు వదులై కాలుతోందని అర్థం. 3 కిలోవాట్ల గీజరు 13 ఆంపియర్లు లాగుతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపకూడదు. ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో పరీక్షింపజేయండి. లీకేజీ కరెంటును ఆపే ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్ట్ బొత్తాన్ని నొక్కి, అది పడిపోతోందో లేదో మీరే చూసుకోండి. ఎర్తింగ్ సరిగ్గా ఉందని తేలేదాకా స్విచ్ ఆపకుండా స్నానానికి దిగవద్దు.

బకెట్లో పెట్టే ఇమ్మర్షన్ రాడ్‌కు ఒక్కటే నియమం. ప్లగ్గు సాకెట్టులోంచి ఊడదీశాకే నీళ్లు ముట్టుకోవాలి. ఇనుప బకెట్టు వద్దు, పిల్లలు తిరిగే చోటూ వద్దు.

గ్యాస్ గీజరు మంట నీలంగా ఉండాలి. పసుపు రంగుకు తిరిగితే గ్యాస్ సరిగ్గా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతోంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం తప్ప వేరే హెచ్చరిక ఉండదు, కొన్నిసార్లు ఆ హెచ్చరిక కూడా ఉండదు. గ్యాస్ గీజరును తలుపులు మూసుకునే స్నానాల గదిలో పెట్టనే పెట్టకూడదు. స్నానం చేస్తూ తల దిమ్ముగా అనిపిస్తే ముందు బయటికి రండి. గ్యాస్ ఆపడం, కిటికీలు తెరవడం తర్వాత.

పిల్లలకు, వృద్ధులకు నీళ్లు పెట్టేటప్పుడు బకెట్లో ముందు చన్నీళ్లు పోసి ఆపైన వేడినీళ్లు కలపండి. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని లోతుగా కాలుస్తాయి. కలిపాక మీ మోచేయి ముంచి చూశాకే వాళ్లను పిలవండి.