వినడం నేర్చుకుందాం – 4వ పాఠం: రెండు యాంప్లిఫైయర్లను పేరు తెలియకుండా పోల్చడం

గత పాఠంలో స్పీకర్లను గోడకు ఎంత ఎడంగా ఉంచాలో చూశాం. ఈ పాఠానికి ఒక డిజిటల్ మల్టీమీటరు, 400 హెర్ట్జ్ (అంటే సెకనుకు 400 కంపనాల) నాదం రికార్డయిన ఫైలు, ఓపిక గల స్నేహితుడు, నిశ్శబ్దమైన ఒక గంట కావాలి. తిరుపతిలో మే నెలలో ఫ్యాను ఆపి కూర్చోవడం కష్టం కనుక తెల్లవారుజామునే ఈ పని పెట్టుకోవడం మంచిది.

ముందుగా నేను చేసిన పొరపాటు చెబుతాను. బైరాగిపట్టెడలోని మా ఇంట్లో రెండు యాంప్లిఫైయర్ల మీద ఒకే అన్నమాచార్య కీర్తనను మూడు సాయంత్రాలు మార్చి మార్చి విని, రెండవదానిలో గాయకుని గొంతు మరింత నిండుగా, మృదంగం ఎడమవైపు నాదం మరింత లోతుగా ఉందని తేల్చి, ఆ మాట నలుగురికీ చెప్పాను. తర్వాత ఒక మిత్రుడు వచ్చి, వాల్యూమ్ కదపకుండా స్పీకరు టెర్మినళ్ల వద్ద కొలిచాడు. మొదటిది 2.00 వోల్టులు చూపగా రెండవది 2.13 చూపింది. అంటే తేడా అర డెసిబెల్ (ధ్వని హెచ్చుతగ్గులను చెప్పే కొలత) కంటే కాస్త ఎక్కువ. ఇంత చిన్న హెచ్చు మనకు హెచ్చుగా తోచదు. నిండుదనంగా, స్పష్టతగా తోస్తుంది. స్థాయిలు సరిచేసి, ఏది మోగుతోందో తెలియకుండా 16 సార్లు వింటే నేను సరిగా చెప్పినవి 9 మాత్రమే.

అందుచేత మొదటి పని స్థాయి సరిచేయడం. 400 హెర్ట్జ్ నాదాన్ని మధ్యస్థంగా మోగించి, మీటరును ఏసీ వోల్టులలో ఉంచి, దాని రెండు మొనలూ ఒకదానికొకటి తగలకుండా టెర్మినళ్లకు ఆనించి, మొదటి యాంప్లిఫైయరును 2.00 వద్ద నిలపండి. రెండవది 1.98కి, 2.02కి మధ్య ఉంటే తేడా 0.1 డెసిబెల్ లోపు ఉన్నట్టే. చవక మీటర్లు ఇంటి కరెంటును కొలవడానికి చేసినవి కనుక హెచ్చు పౌనఃపున్యాల వద్ద తప్పు చూపవచ్చు. 400 దాటకపోవడానికి కారణం అదే. వాల్యూమ్ నాబ్‌కు టేపు అంటించండి. చేయి తగిలి కదిలితే మళ్లీ మొదటినుంచీ కొలవాలి.

రెండవ పని, ఏది మోగుతోందో తెలియకుండా చేసుకోవడం. 1994లో ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ ఒకే స్పీకర్లను కంటికి కనిపించేలా ఒకసారి, కనిపించకుండా ఒకసారి వినిపించినప్పుడు, అనుభవజ్ఞులైన శ్రోతలు ఇచ్చిన మార్కులు కూడా మారిపోయాయి. మన ఇంట్లో పాత పంచె ఒకటి అడ్డంగా కడితే చాలు. స్నేహితుడు తెర వెనుక నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే రెండవది కలిపి, మాట్లాడకుండా కాగితం మీద రాసుకోవాలి. ఒక్కో ముక్క పది సెకన్లు మించకూడదు, ఎందుకంటే సూక్ష్మమైన నాదభేదం జ్ఞాపకంలో ఎక్కువసేపు నిలవదు. ఎన్నిసార్లు వినాలో ముందే నిర్ణయించుకోవాలి. వరుసగా నాలుగు సరిపోయాయని మధ్యలో ఆపకూడదు. 16లో 12 లేదా అంతకు మించి సరిపోతే, అది గుడ్డి ఊహతో జరిగే అవకాశం నూటికి నాలుగు కంటే తక్కువ. 11 వద్ద ఆ అవకాశం నూటికి పది దాటుతుంది. సరిపోకపోతే మాత్రం తేడా లోకంలోనే లేదని అర్థం కాదు. ఆ గదిలో, ఆ రోజు, మీ చెవికి అందలేదని మాత్రమే.

“నా చెవికి వినబడుతుంటే ఈ పరీక్షలెందుకు?” అని నన్ను చాలామంది అడిగారు. నాకు తంబురా నేర్పిన గురువుగారు మంద్రం తీగ మీటి, “గాంధారం వినబడుతోందా, నాయనా?” అని అడిగినప్పుడు, వినబడకపోయినా గౌరవం కొద్దీ “వినబడుతోందండీ” అన్నాను. ఆయన నన్ను గోడవైపు తిరిగి కూర్చోమని, గుర్రం (తంబురా తీగలు ఆనే మెట్టు) మీది దారాన్ని ఒకసారి సరిచేసి, ఒకసారి తప్పించి మీటుతూ, ప్రతిసారీ “ఇప్పుడో?” అని అడిగారు. నా అబద్ధం మూడో ప్రశ్నకే బయటపడింది. కొన్ని వారాల తర్వాత ఎవరూ మీటని ఆ స్వయంభూ గాంధారం నిజంగానే వినిపించింది, గోడవైపు తిరిగి ఉన్నా తప్పకుండా చెప్పగలిగాను. అది భ్రమ కాదు: మంద్ర షడ్జమం 65 హెర్ట్జ్ అయితే, దానికి అయిదు రెట్లయిన 325 వద్ద ఆ స్వరం తీగలోనే ఉంది.

ఈ వారం సాధన కూడా తంబురాతోనే. తంబురా రికార్డింగు ఒకటి తీసుకొని, ఈక్వలైజరులో (ఒక్కో పౌనఃపున్యపు పట్టీని విడిగా పెంచి తగ్గించే సాధనంలో) 250, 1000, 4000 హెర్ట్జ్ పట్టీలలో ఏదో ఒకదాన్ని స్నేహితుడి చేత 6 డెసిబెల్ పెంచించి, ఏది పెరిగిందో చెప్పండి. 16లో 12 సరిపోయిన రోజున 3కు, ఆ తర్వాత 2కు దిగండి. తేదీ, వేళ, ఫ్యాను ఆపారా లేదా, ఎన్ని సరిపోయాయి అన్నవి నోటుపుస్తకంలో రాయండి. తప్పిన రోజులు కూడా రాయండి. 5వ పాఠంలో ఆ పుస్తకంతోనే మొదలుపెడతాం.